చేతికి తెలిసిన విద్యకు సాక్షి ఎవరు?

హారిద్రుమత గౌతముడు కొత్తగా చేరిన శిష్యుడికి పాఠం మొదలుపెట్టలేదు. మందలోంచి బక్కచిక్కిన నాలుగు వందల ఆవుల్ని విడదీసి, వీటిని తోలుకెళ్లమన్నాడు. శిష్యుడు సత్యకాముడు మరో షరతు తనకు తానే పెట్టుకున్నాడు: ఇవి వెయ్యి కానిదే తిరిగి రానని. ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయంలోని ఈ కథలో ఆ తర్వాత ఏళ్ల తరబడి గురువు ఊసే ఉండదు. ఆ ఏళ్లు ఎలా గడిచాయో ఉపనిషత్తు చెప్పదు గానీ పశువుల్ని కాసిన ఎవరికైనా తెలుసు. మేత, నీళ్లు, ఎండా వానా, రోగాలూ ఈతలూ. మంద వెయ్యికి చేరిన నాడు ముందుగా ఒక ఎద్దు నోరు విప్పింది. ఆ తర్వాత అగ్ని, హంస, చివరికి ఒక నీటికాకి. ఒక్కొక్కటీ బ్రహ్మజ్ఞానంలో ఒక్కో పాదం చెప్పి వెళ్లాయి.

తిరిగి వచ్చిన శిష్యుణ్ణి చూడగానే గౌతముడికి సంగతి అర్థమైంది. బ్రహ్మం తెలిసినవాడి తేజస్సు నీలో కనిపిస్తోంది, ఎవరు నేర్పారని అడిగాడు. మనుషులు కారని సత్యకాముడు చెప్పాడు. అక్కడితో ఆగలేదు. ఆచార్యుడి వల్ల నేర్చిన విద్యే నిలుస్తుందని పెద్దలు అనగా విన్నాను, కాబట్టి మీరూ చెప్పండని వేడుకున్నాడు. గౌతముడు చెప్పాడు. కొత్తది కాదు, అదే విద్య. అందులో ఏదీ విడిచిపెట్టలేదని ఉపనిషత్తు పనిగట్టుకుని చెబుతుంది.

తెలిసినదాన్నే మళ్లీ చెప్పించుకోవడం దేనికి? గురువు ఒక్క మాట కూడా కలపనప్పుడు ఆయన చేసిన పని ఏమిటి? విద్య అడవిలోనే పూర్తయింది. ఆశ్రమంలో జరిగింది వేరే. ఒకడికి తెలుసు అన్న సంగతిని, తెలిసిన ఇంకొకడు ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలుకు విలువ ఉందా, ఉంటే ఎక్కడి నుంచి వస్తుంది అన్నది చాలా పాత ప్రశ్న. ఇప్పుడది కార్మిక శాఖ ఫైళ్లలోకి, గల్ఫ్ వీసా కాగితాల్లోకి, తాపీ మేస్త్రి రోజుకూలిలోకి వచ్చి కూర్చుంది.

2015 జూలైలో కేంద్రప్రభుత్వం స్కిల్ ఇండియా కార్యక్రమాన్ని మొదలుపెట్టినప్పుడు, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఒక భాగాన్ని అచ్చంగా ఇలాంటి వాళ్ల కోసమే ఉంచింది. బడిలోనో ఐటీఐలోనో కాకుండా పనిలోనే పని నేర్చుకున్నవాళ్లను పరీక్షించి, వాళ్లకు తెలిసినది తెలుసునని రాతపూర్వకంగా ఒప్పుకోవడం. అధికారులు దీన్ని ఆర్‌పీఎల్ అంటారు, పూర్వ అభ్యాసానికి గుర్తింపు అని. 2023 సెప్టెంబర్ 17న, విశ్వకర్మ జయంతి రోజున, పీఎం విశ్వకర్మ పథకం వచ్చింది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, కంసాలి, శిల్పి, చెప్పులు కుట్టేవాళ్లు, తాపీ పనివాళ్లు, మంగలి, చాకలి, దర్జీ, వలలు అల్లేవాళ్లు, బుట్టలు అల్లేవాళ్లు ఇలా 18 వృత్తుల వాళ్లకు సర్టిఫికెట్, గుర్తింపు కార్డు, పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ రోజుల్లో రోజుకు 500 భత్యం, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, ఆ తర్వాత రెండు లక్షల దాకా అప్పు. పథకం మొత్తం వ్యయం 13,000 కోట్లు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా ఈ రెండింటిలోనూ ఒక పెద్ద ఒప్పుకోలు ఉంది. బడి బయట కూడా విద్య ఉందని రాజ్యం చట్టపు భాషలో అంగీకరించడం చిన్న విషయం కాదు. అంగీకారం లేనప్పుడు ఏం జరుగుతుందో కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ఊళ్లకు బాగా తెలుసు. 1983 నాటి వలసల చట్టం కింద, పదో తరగతి పాసు కాని మనిషి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వం నుంచి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. పది పాసైతే ఆ ముద్ర అక్కర్లేదు. మోసపోయేవాళ్లను కాపాడాలన్నదే ఈ నిబంధన ఉద్దేశం, అందులో తప్పు లేదు. కానీ ఇరవై ఏళ్లుగా గోడలు లేపిన మేస్త్రి ఒక రకం మనిషిగా, ఏ పనీ రాని పదో తరగతి కుర్రాడు ఇంకో రకం మనిషిగా నమోదవుతారు. ఆ మేస్త్రి ఎడారికి చేరాక, చేతిలో కాగితం లేదు కాబట్టి హెల్పర్ జీతానికి కుదురుకోవాల్సి వస్తుంది. చేసేది మాత్రం మేస్త్రి పనే. ఇటీవల సౌదీ అరేబియా ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్ల వంటి వాళ్లకు వీసాకు ముందే నైపుణ్య పరీక్ష పెడుతోంది. పరీక్ష భయపెట్టేదే అయినా, చేతిలో విద్య ఉన్నవాడికి దాన్ని చూపించే చోటు దొరకడం మంచిదే.

దేశంలోనూ అంతే. కనీస వేతనాల ఉత్తర్వుల్లో పనివాళ్లను నైపుణ్యం లేనివాళ్లు, కొంత ఉన్నవాళ్లు, నైపుణ్యం ఉన్నవాళ్లు, ఎక్కువ ఉన్నవాళ్లు అని వరసలు చేసి, ఒక్కో వరసకు ఒక్కో కూలి రాస్తారు. ఏ వరసలో ఎవరు నిలబడాలో తేల్చేటప్పుడు చేయి ఏం చేయగలదో చూసేవాడు ఉండాలి. చూసేవాడు లేకపోతే కాంట్రాక్టరు మాటే శాసనం.

ఇక్కడ ఆర్థికశాస్త్రం ఆగిపోయి తత్త్వం మొదలవుతుంది. ఎవరి మాటను ప్రమాణంగా తీసుకోవాలి? ఈ ప్రశ్నకు భారతీయ తర్కంలో ఆశ్చర్యపరిచే సమాధానం ఉంది. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు, ఎవరి మాట నమ్మదగినదో చెబుతూ రెండే లక్షణాలు పెట్టాడు. విషయాన్ని తాను స్వయంగా ఎరిగి ఉండాలి. ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక ఉండాలి. పుట్టుక గురించి గానీ గురుకులం గురించి గానీ అందులో లేదు. అంతేకాదు, ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ ఒకటేనని స్పష్టంగా కలిపాడు. వర్ణాల గోడలు అంత ఎత్తున ఉన్న సమాజంలో ఒక పండితుడు ఈ మాట రాయడం గురించి మన పాఠ్యపుస్తకాలు ఇంకా ఎక్కువగా చెప్పాలి. పడవ నడిపేవాడు నది గురించి చెబితే అది ప్రమాణం. వలవేసేవాడు చేప గురించి చెబితే అది ప్రమాణం. తెలిసినవాడి దగ్గర తెలుసుకోవడమే తర్కం ఒప్పుకునే పద్ధతి.

అయితే ఒక చిక్కు ఉంది. చేతికి తెలిసినదంతా నోటికి రాదు.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు నల్లరంగు కోసం పాత ఇనుపముక్కల్ని బెల్లపు నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు. దాన్ని కసిమి అంటారు. ఆ నీళ్లు చూడటానికి నల్లగా ఏమీ ఉండవు. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద వెదురు కలంతో గీస్తేనే నలుపు విచ్చుకుంటుంది. కసిమి ఏ రోజుకు పక్వానికి వచ్చిందో, ఎండ ఎంత కాస్తే ఎన్ని రోజులు పడుతుందో, పులిసిన వాసన ఎక్కడ ఆగాలో అడిగితే చెయ్యి తిరిగిన కళాకారుడు కూడా సగమే చెప్పగలడు. మిగతా సగం చూపిస్తాడు. ఇంగ్లండులో గిల్బర్ట్ రైల్ అనే తత్త్వవేత్త 1940లలో, ఒక విషయాన్ని ఎరగడం వేరు, ఒక పనిని చేయ ఎరగడం వేరు అని వాదించి, రెండోది మొదటిదాని నీడ మాత్రమే అన్న నమ్మకాన్ని దెబ్బకొట్టాడు. హంగేరీలో పుట్టిన మైకేల్ పొలాన్యీ, మనిషి చెప్పగలిగినదానికంటే ఎరిగినది ఎక్కువ అన్న ఆలోచన మీద 1966లో ఒక పుస్తకమే రాశాడు. రంగుల బాన దగ్గర కూర్చున్నవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కానీ ప్రశ్నపత్రం రాసేవాళ్లకు ఇది చాలా పెద్ద సంగతి. నోటితో చెప్పలేకపోయాడు కాబట్టి తెలియదని తేల్చే పరీక్ష, కొలవాల్సినదాన్ని కొలవడం లేదు.

నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరు ఉంది. ఒకప్పుడు అక్కడి కమ్మరులు కరిగించిన ఉక్కు ముద్దల కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్లు. డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డ ఆయుధాలకు కావలసిన ఉక్కు అది. లోకం దాన్ని వూట్జ్ అంది. వరి ఊక కలిపిన బంకమట్టితో మూసలు చేసి, ఇనుము నింపి, మూతి మెత్తి, రాత్రీ పగలూ తిత్తులు ఊది, తర్వాత మెల్లగా చల్లారనిచ్చేవారు. త్రికోణమితి సర్వే వెంట వచ్చిన వోయ్సీ అనే భూవిజ్ఞాని ఆ పని చూసి రాసిపెట్టుకున్న వివరం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. దానికి కొన్నేళ్ల ముందు లండన్‌లో మైకేల్ ఫారడే, కత్తులు చేసే జేమ్స్ స్టొడార్ట్‌తో కలిసి ఇదే భారతీయ ఉక్కు రహస్యం కోసం ప్రయోగాలు చేశాడు. దాని బలానికి అల్యూమినియం కారణమేమోనని అనుమానించాడు. అసలు కారణం అందులో ఎక్కువగా ఉన్న కర్బనం.

అంతటి శాస్త్రవేత్తకు అంతు చిక్కని పనిని కోనసముద్రం కమ్మరులు తరతరాలుగా చేస్తూ వచ్చారు. వాళ్లకు కర్బనం అన్న పేరు తెలియదు. ఎంత కావాలో, ఎప్పుడు ఆపాలో తెలుసు. బ్రిటిష్ కార్ఖానాల ఉక్కు వచ్చి బజారు మారిపోయాక ఆ కొలుములు చల్లారాయి. ఒక్క కమ్మరి పేరు కూడా ఫారడే పేరు పక్కన నిలవలేదు. వాళ్ల పిల్లలు ఏ పాఠశాలలోనూ ఆచార్యులు కాలేదు. విరిగిన మూసల ముక్కలు ఏరుకుని, ఊక కలిపిన ఆ మట్టి అంత వేడికి ఎలా నిలిచిందో 20వ శతాబ్దం చివర్లో పరిశోధకులు మళ్లీ మొదటి నుంచి కనుక్కోవలసి వచ్చింది. గుర్తింపు కరువైతే మనిషి గౌరవం ఒక్కటే పోదు, విద్యే పోతుంది. కోనసముద్రం విషయంలో అది అక్షరాలా జరిగింది.

గుర్తించడం ఒక్కటే చాలదు, ఎలా గుర్తించారన్నదీ ముఖ్యమే అని మహాభారతం ఇంకా కఠినంగా చెబుతుంది. నిషాదరాజు కొడుకు ఏకలవ్యుణ్ణి ద్రోణుడు శిష్యుడిగా తీసుకోలేదు. మట్టిబొమ్మ ముందు సాధన చేసి ఏకలవ్యుడు తనకు తానే విలుకాడయ్యాడు. మొరిగే కుక్క నోట్లో ఏడు బాణాలు కొట్టిన నేర్పును పాండవులు ముందు చూశారు, ద్రోణుడు తర్వాత చూశాడు. అంటే పరీక్ష జరిగింది. పరీక్షకుడు నిజంగా తెలిసినవాడే. నెగ్గాడని ఒప్పుకున్నాడు కూడా. ఒప్పుకున్న మరుక్షణం బొటనవేలు అడిగాడు. గౌతముడూ ద్రోణుడూ ఇద్దరూ ఒకే పరిస్థితిలో నిలబడ్డారు: తాము నేర్పని విద్య ఒకడిలో కనిపించింది. ఒకరు ఏదీ విడవకుండా దాన్ని నిలబెట్టారు. ఇంకొకరు దాన్ని పనికి రాకుండా చేశారు. కూలిపనివాడి నేర్పును చూసి మెచ్చుకుని, ఆ డిజైన్ తీసుకెళ్లి మిల్లులో అచ్చువేసి అమ్ముకునే వ్యాపారం ఇప్పటికీ ఉంది. భౌగోళిక సూచిక చట్టం 1999లో రావడానికి, పోచంపల్లి ఇక్కత్, శ్రీకాళహస్తి కలంకారీ, కొండపల్లి బొమ్మలు ఆ జాబితాలో చేరడానికి వెనక ఉన్న భయం అదే.

గుడిలో ఈ చిక్కుముడి ఇంకా లోతుగా ఉంది. రాయిని దేవుడిగా మలిచేవాడు శిల్పి. ఆగమ పద్ధతిలో ప్రతిష్ఠకు ముందు నయనోన్మీలనం అనే క్రియ ఉంటుంది. బంగారు సూదితో విగ్రహానికి కళ్లు తెరుస్తారు. మూర్తి మొదటిసారి లోకాన్ని చూసేది ఆ చేతి పని వల్లే. శిల్పికి బట్టలు పెట్టి, దక్షిణ ఇచ్చి సత్కరిస్తారు. ఆ తర్వాత విగ్రహాన్ని కడిగి శుద్ధి చేస్తారు. ఆ శుద్ధి దేనికంటే, శిల్పి చేయి తగిలిన దోషం పోవడానికి అని కొన్ని ఆగమ గ్రంథాలు చెబుతాయి. అప్పటి నుంచి ఆ మూర్తిని తాకే అధికారం శిల్పికి లేదు, అర్చకుడికి ఉంది.

దీన్ని భక్తితో చూసేవాళ్లు ఒక అర్థం చెబుతారు: వస్తువు దైవమయ్యాక అది చేసినవాడిది కూడా కాదు, వాడి అహంకారం కూడా అక్కడ రాలిపోవాలి. ఆ అర్థంలో సొగసు ఉంది, కాదనలేం. కానీ అహంకారం రాలిపోవాలంటే అందరిదీ రాలాలి. సత్కారం, శుద్ధి ఒకే పూట, ఒకే మనిషికి జరిగే క్రియలో, నీ విద్య కావాలి, నువ్వు అక్కర్లేదు అన్న మాట కూడా వినిపిస్తుంది. మన సమాజం చేతివృత్తులవాళ్లతో మెలిగిన తీరంతా ఆ రెండు క్రియల మధ్యే నడిచింది. ఆళ్లగడ్డలో ఇవాళ్టికీ ఉలి చప్పుడు ఆగని వీధులున్నాయి, అక్కడి మూర్తులు ఎక్కడెక్కడి గుళ్లకో వెళుతున్నాయి. యాదాద్రి ఆలయ పునర్నిర్మాణానికి స్థపతిగా పనిచేసిన వేలు ఆనందాచారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. కలంకారీకి జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో వచ్చింది. 1965 నుంచి హస్తకళా నిపుణులకు జాతీయ పురస్కారాలు, 2002 నుంచి శిల్పగురు పురస్కారాలు ఉన్నాయి. ఇవి శిఖరాన ఉన్న కొద్దిమందికి దక్కే గౌరవాలు. అడుగున ఉన్న లక్షలమందికి కావలసింది గౌరవం పేరిట దయ కాదు, హక్కుగా దక్కే ఒప్పుకోలు.

చరిత్రలో అలాంటి ఒప్పుకోలు లేకపోలేదు. అమరావతి మహాచైత్యానికి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను దానం చేసినవాళ్లలో విధికుడనే చర్మకారుడు ఉన్నాడు. శాసనంలో తన పేరూ, తన వృత్తీ, తన కుటుంబమూ చెక్కించుకున్నాడు. తోలు పని చేసేవాడినని దాచుకోలేదు, ఆ స్తూపం దాన్ని దోషంగా తీసుకోలేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో మడివాలు మాచయ్య కథ చెప్పినప్పుడు, బట్టలు ఉతికే పని ఆయన భక్తికి అడ్డు కాలేదు, ఆయన పేరులోనే నిలిచిపోయింది. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి శాసనంలో రుద్రేశ్వరాలయం. జనం మాత్రం దాన్ని రామప్ప గుడి అన్నారు. రామప్ప అక్కడి శిల్పి పేరని ప్రతీతి. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఆ రెండు పేర్లూ రాశారు. శిల్పి పేరును ఏ రాజూ శాసనం చేయలేదు, వాడుకే ఆ పని చేసింది.

ఇంత చెప్పాక ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోక తప్పదు. నిజంగా తెలిసినవాడికి ఇంకొకరి ఒప్పుకోలు దేనికి? అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడు ఎవరి దగ్గరా ముద్ర వేయించుకోలేదు. మిథిలలో మాంసం కొట్టు నడుపుకుంటూ, తల్లిదండ్రుల్ని చూసుకుంటూ ఉన్నాడు. తపస్సు చేసిన కౌశికుడే ఆయన కొట్టు వెతుక్కుంటూ వచ్చి ధర్మం నేర్చుకున్నాడు. పని శ్రద్ధగా చేసుకో, ఫలితం, పేరు నీవి కావు అన్న బోధ ఈ నేల మీద ఎన్ని తరాలుగా వింటున్నాం! కార్డుల కోసం, సర్టిఫికెట్ల కోసం ఎగబడటం ఆ బోధకు విరుద్ధం కాదా?

కాదు. ధర్మవ్యాధుడికి ముద్ర అక్కర్లేకపోవడం ఆయన గొప్పతనం. ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లడం కౌశికుడి బాధ్యత. ఈ రెండింటినీ కలిపేస్తే మోసం మొదలవుతుంది. పేరు ఆశించకపోవడం పనిచేసేవాడు తనకు తాను పెట్టుకోగల నియమం. పని చేయించుకునేవాడు అదే నియమాన్ని ఎదుటివాడి మీద పెడితే అది దోపిడీకి పనికొచ్చే వేదాంతం. నిష్కామకర్మను కూలి తగ్గించడానికి వాడకూడదు. పైగా ధర్మవ్యాధుడి కథలో గుర్తింపు లేదనడమూ సరికాదు. వెళ్లి ఆయన్ను కలవమని కౌశికుడికి చెప్పింది ఒక గృహిణి. అంటే తెలిసినవాడు ఎక్కడున్నాడో ఇంకో తెలిసిన మనిషి సాక్ష్యం చెప్పింది.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. అనుభవం తప్పు కూడా నేర్పుతుంది. ప్లేటో రాసిన సోక్రటీస్ వాదనలో ఆయన చేతిపనివాళ్ల దగ్గరికి వెళతాడు. తనకు తెలియని మంచి విషయాలు వాళ్లకు తెలుసునని నిజాయితీగా ఒప్పుకుంటాడు. కానీ ఆ ఒక్క పని వచ్చు కాబట్టి అన్నీ వచ్చని వాళ్లు అనుకోవడం చూసి బాధపడతాడు. ఈ ప్రమాదం వైద్యంలో ప్రాణాల మీదికి తెస్తుంది. పుత్తూరు కట్టు పేరు రాయలసీమలోనూ తమిళనాడులోనూ తెలియనివాళ్లు తక్కువ, దాంతో నయమైనవాళ్లూ చాలామందే ఉన్నారు. అయినా నాటుకట్లు బిగుసుకుని రక్తం ఆడక చేయో కాలో తీసేయాల్సి వచ్చిన ఘటనలు పలు దేశాల ఎముకల వైద్యులు రాసిపెట్టారు. మంత్రసానుల విషయం ఇంకా స్పష్టం. బిడ్డ అడ్డం తిరిగిందో లేదో చేత్తో తడిమి చెప్పగల ఆడవాళ్లు వాళ్లు. వేలమంది తల్లులకు రాత్రివేళ దిక్కైనవాళ్లు. కానీ బొడ్డు కోసే కత్తి మీద ఉన్న ధనుర్వాత క్రిమి ఎంత అనుభవానికీ కనిపించదు. చేతులు, పడక, బ్లేడు, బొడ్డుకు కట్టే దారం, కోసిన బొడ్డు ఈ అయిదూ శుభ్రంగా ఉండాలన్న సంగతి బయటినుంచే రావలసి వచ్చింది. ఆ శుభ్రత, టీకాలు, ఆసుపత్రి కాన్పులు అన్నీ కలిస్తేనే 2015 నాటికి తల్లీబిడ్డల ధనుర్వాతం దేశంలో ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయింది.

ఈ అభ్యంతరానికి సమాధానం కూడా ఛాందోగ్యంలోనే, ఆ నాలుగో అధ్యాయంలోనే ఉంది. సత్యకాముడు గురువయ్యాడు. ఉపకోసలుడనే శిష్యుడు పన్నెండేళ్లు ఆయన అగ్నులను కాపాడాడు. మిగతా శిష్యుల్ని చదువు ముగించి పంపేశాడు గానీ ఇతనికి మాత్రం సత్యకాముడు నోరు విప్పలేదు. భార్య నచ్చజెప్పినా వినకుండా ప్రయాణం వెళ్లిపోయాడు. అడవిలో తాను అగ్ని దగ్గరా పక్షి దగ్గరా నేర్చుకున్న మనిషే, తన ఇంట్లో అగ్నుల్ని కాపాడుతున్నవాణ్ణి చూడలేకపోయాడు. ఇది ఉపనిషత్తు తన నాయకుడి మీద దాచకుండా పెట్టిన లోపం. చివరికి ఆ అగ్నులే ఉపకోసలుడికి ఉపదేశం చేశాయి. చేసి, ఇక్కడి నుంచి వెళ్లవలసిన దారి మాత్రం ఆచార్యుడు చెబుతాడన్నాయి. తిరిగి వచ్చిన సత్యకాముడు శిష్యుడి మొహం చూసి, తన గురువు అడిగిన ప్రశ్నే అడిగాడు. ఈసారి మాత్రం ఉన్నదే చెప్పి ఊరుకోలేదు, అగ్నులు చెప్పనిది కలిపాడు.

ఈ రెండు కథల మధ్యే సరైన పద్ధతి ఉంది. తెలిసినది తెలిసినట్టు, ఏదీ తగ్గించకుండా ఒప్పుకోవడం ఒకటి. తెలియనిది ఏదో కనిపెట్టి, అది మాత్రమే చెప్పడం ఇంకొకటి. ముప్పై ఏళ్ల మేస్త్రికి ఇటుక పేర్చడం అయిదు రోజులు నేర్పితే అతని కాలం వృథా, మనసుకు గాయం. భూకంపానికి తట్టుకునేలా రాడ్ల కట్టు ఎలా ఉండాలో, ఎత్తులో పని చేసేటప్పుడు బెల్టు ఎక్కడ తగిలించాలో, నకిలీ సిమెంటును ఎలా పట్టుకోవాలో చెబితే అతను చెవి ఒగ్గి వింటాడు. పీఎం విశ్వకర్మలో మొదటి శిక్షణ 40 గంటలు. ఆ 40 గంటల్లో మొదటి పూట నేర్పకుండా, అడిగి తెలుసుకోవడానికి ఉంచితే మిగతా గంటల్లో ఏం చెప్పాలో తేలుతుంది.

మరి సాక్షి ఎవరు? ఫ్రాన్స్ 2002 జనవరిలో ఒక చట్టం చేసింది. పనిలో గడించిన అనుభవంతో, కాలేజీకి వెళ్లకుండానే డిప్లొమా పొందవచ్చు. తీర్పు చెప్పే జ్యూరీలో బోధకులతో పాటు ఆ వృత్తిలో ఉన్నవాళ్లు కూర్చుంటారు. ముఖ్యమైన సంగతి, వచ్చే డిప్లొమా చదివినవాళ్లకు ఇచ్చేదే, దానికంటే తక్కువది కాదు. మన దగ్గర ఆర్‌పీఎల్ సర్టిఫికెట్‌ను చూసిన కాంట్రాక్టరు దాన్ని ఐటీఐ సర్టిఫికెట్‌తో సమానంగా చూస్తే తప్ప ఆ కాగితం పని పూర్తి కాదు. తాపీ పనిని పరీక్షించేవాళ్లలో ఒకరైనా తాపీ పట్టినవాళ్లు ఉండాలి. పరీక్ష కాగితం మీద కాకుండా గోడ మీద జరగాలి: తూకం గుండు వేసి, నీళ్ల ట్యూబుతో లెవెల్ చూసి, మూల కలిసిందో లేదో చూసి. ప్రశ్న అడగాల్సి వస్తే అతని యాసలో అడగాలి. సహాయంగా కూర్చున్న ఇంజినీరుకు తెలిసిన కొలతల్లో కొన్ని మేస్త్రికి తెలియకపోవచ్చు. మేస్త్రికి తెలిసినవాటిలో కొన్ని ఇంజినీరుకు తెలియవని కూడా ఆ బల్ల దగ్గరే బయటపడుతుంది. వాత్స్యాయనుడి ప్రమాణం అడిగేది ఇదే.

ఒక పని ఇంకా మిగిలి ఉంది, దాని గురించి అందరూ తక్కువ మాట్లాడతారు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేసిన చేనేత కుటుంబపు మనిషి. ఆసు యంత్రం తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ యంత్రం ఎందుకు పుట్టింది? పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి తల్లి లక్ష్మి ఒక్క చీరకే వేల సార్లు చేయి చాపుతూ ముడుస్తూ భుజం నొప్పితో నలిగిపోవడం కొడుకు చూశాడు కాబట్టి. యంత్రానికి దక్కిన గౌరవం న్యాయమైనదే. కానీ చెక్క మేకుల మధ్య దారాన్ని లెక్క తప్పకుండా తిప్పిన ఆ ఆడవాళ్ల విద్యకు ఏ వరసలోనూ పేరు లేదు. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు, ఆసు పోసినావిడ ఇంట్లో మనిషి. కుమ్మరి ఇంట్లోనూ సారె తిప్పేవాడికే వృత్తి పేరు దక్కుతుంది. మట్టి జల్లించి, తొక్కి, పదును చూసి, ఆవం దగ్గర మంట కనిపెట్టుకుని కూర్చునే ఆడమనిషికి దక్కదు. కట్టడం దగ్గర మాలు కలిపే ఆడవాళ్లు ఇసుక పాలు చూపుతోనే చెప్పగలరు. హాజరు పుస్తకంలో మాత్రం ఆడకూలీలే. మేస్త్రి అయిన ఆడమనిషిని ఎంతమంది చూశారు?

పీఎం విశ్వకర్మ నిబంధనల ప్రకారం ఒక కుటుంబంలో ఒక్కరికే నమోదు. అప్పు, పనిముట్ల సాయం ఇంటికి ఒకటే అనడంలో ఖజానా లెక్క ఉండవచ్చు. సర్టిఫికెట్‌కు ఖర్చేముంది? విద్య ఇద్దరికీ ఉన్నప్పుడు కార్డు ఒక్కరికే ఇస్తే, ఆ ఒక్కరు ఎవరవుతారో ఊరికి తెలిసిందే. డబ్బు సాయానికి ఒక్కరన్న నియమం ఉంచి, గుర్తింపు పత్రాన్ని దాని నుంచి విడదీయడానికి పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు, మార్గదర్శకాల్లో ఒక్క వాక్యం మారితే సరిపోతుంది. నమోదును మొదటగా పరిశీలించేది గ్రామ పంచాయతీ. ఆ ఇంట్లో మట్టి ఎవరు తొక్కుతారో, ఆవం ఎవరు కాలుస్తారో పంచాయతీలో కూర్చున్నవాళ్లకు వేరే పరీక్ష పెట్టకుండానే తెలుసు. దరఖాస్తు ఫారంలో రెండో పేరుకు గడి లేదు కాబట్టే వాళ్లు రాయలేకపోతున్నారు.